వీరాచారి తాళం

కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి ఎడమకు తిరిగితే రెండు అద్దాల టవర్ల మధ్య ఇరుక్కుని ఒక రాతిగది ఉండేది. పగలు చూస్తే ఏమీ లేదు... నల్లబడ్డ టేకు తలుపు, అందులోనే బిగించిన అరచేయంత ఇత్తడి తాళం. కానీ రాత్రి పది దాటిందా — భోజనాలు మోసుకొచ్చే బైకు కుర్రాళ్లు సైతం ఆ సందు వదిలి అర కిలోమీటరు చుట్టు తిరిగి పోయేవాళ్లు.

లోపలినుంచి చప్పుడు వచ్చేది మరి. టక్... టక్... టక్. అచ్చం సుత్తి దెబ్బలు.

నలభై ఏళ్లుగా తెరవని గదిలో సుత్తి పట్టినవాడెవడు?

అది తాళాల వీరాచారి గది. ఆ తాళం ఆయన చేతిపనే. దానికి తాళంచెవి ఒక్కటే చేశాడు. ఒక సాయంత్రం ఆ గడప ముందే గుండె పట్టుకుని కూలిపోతే దవాఖానకు మోసుకుపోయారు. తాళంచెవి జేబులో లేదు, మొలతాడుకు లేదు, ఇల్లంతా వెతికినా లేదు. కూతురు భాగ్యమ్మ చెయ్యి పట్టుకుని ఆయన ఒక్కటే మాట అన్నాడు. “ఆ తాళం పగలగొట్టద్దు బిడ్డా. నేనే వచ్చి తీస్త.”

తెల్లారేసరికి లేడు.

భాగ్యమ్మ మాట నిలుపుకుంది. అన్నదమ్ములు జాగ అమ్మారు, చుట్టూ టవర్లు లేచాయి, ఆ గదిని మాత్రం కూలగొట్టడానికి ఏ మేస్త్రీ ఒప్పుకోలేదు. తాళంచెవి చేస్తామని ముగ్గురు వచ్చారు. ముగ్గురిదీ ఒకటే కథ — లోపల పెట్టి తిప్పగానే ఎవరో అటువైపు నుంచి గట్టిగా పట్టుకున్నారట! సామాన్లు వదిలేసి పరుగో పరుగు.

ఇప్పుడు ఆ జాగ కొన్న కొత్త కంపెనీ వచ్చింది. వాళ్లకు దెయ్యం లేదు, భయం లేదు. రేపు పొద్దున ఆరింటికి జేసీబీ.

అందుకే భాగ్యమ్మ ఆ సాయంత్రం బోరబండ స్టేషన్ పక్కన గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసే లింగమూర్తి దగ్గరికి పోయింది.

లింగమూర్తి అంటే ఆషామాషీ మనిషా! డెబ్భై ఏళ్లు. మీసం చూస్తే ముక్కు కింద రెండు ఆకురాళ్లు అతికించినట్టు ఉంటుంది. ఒకసారి ఇనప్పెట్టె ముందు కూర్చుని ఆయన తుమ్మితే, అది భయపడి తెరుచుకుంది. అబద్ధమనుకుంటే పోయి అడగండి, ఆ తుమ్ము విన్నవాళ్లు బోరబండలో ఇంకా వందమంది ఉన్నారు.

“ముగ్గురు ఉరికిన్రు లింగన్నా. నువ్వన్న వస్తవా?”

“వాళ్లు చెవులు కోసెటోళ్లు చెల్లె. నేను తాళంతోటి మాట్లాడెటోన్ని. దెయ్యముంటే ఏంది, జర పక్కకు జరుగుమంట.”

“తాళానికి గీత పడొద్దు. పగలగొట్టద్దన్నడు మా నాయిన. ఇంకో చెవి చేసి తీయొద్దని అనలే గద.”

“తెలివిగల్ల బిడ్డను కన్నడు,” అని లింగమూర్తి సంచీ భుజాన వేసుకున్నాడు.

వాళ్లు వచ్చేసరికి తొమ్మిదయింది. గేటు దగ్గర సైటు ఇంజనీరు ఆదర్శ్, విజయవాడ కుర్రాడు, టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

“పెద్దాయన గారూ, ఆరింటికి మిషన్ వచ్చేస్తుందండీ. నేను ఆపలేను. అయినా ఆ తలుపు దగ్గర రాత్రంతా ఒంటరిగా...”

“ఒంటరిగా ఎట్లయితది ఇంజనీర్ సాబ్? లోపల ఒకాయన ఉన్నడు గద!”

లింగమూర్తి తలుపు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రంధ్రం తలుపుకు ఇటునుంచి అటుదాకా ఉంది, లోపలినుంచి కూడా తీసుకునేలా. పళ్లు కొయ్యని ఇత్తడి తాళంచెవిని కొవ్వొత్తి పొగ మీద తిప్పి మసి పట్టించాడు. లోపల పెట్టి, చిటికెడంత తిప్పి, బయటికి తీశాడు. లోపల గడియను ఆపే రేకులు, అవే లీవర్లు, తగిలినచోట మసి చెదిరి సన్నగా మెరుస్తుంది. ఆ మెరుపు మీద ఆకురాయితో ఒక్క గీత... మళ్లీ మసి, మళ్లీ తిప్పడం, మళ్లీ గీత. అంతే పని. కానీ చెయ్యి వెంట్రుకంత జారితే మొదటికొస్తుంది.

పదకొండయింది.

టక్... టక్... టక్.

ఆదర్శ్ రెండడుగులు వెనక్కి వేశాడు. భాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింగమూర్తి మెల్లగా లేచాడు. గోడకు చెంప ఆనించి విన్నాడు... గోడ వెంబడి అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి పోయాడు... చీకట్లో మాయమయ్యాడు.

ఒక నిమిషం. రెండు.

“సాబ్!” అని అరుపు. “గిది మీ టవర్ నీళ్ల మోటరు! పైపు గోడకు కొట్టుకుంటుంది! పాపం మా వీరాచారి మీద ఏస్తున్నరు!”

ఆదర్శ్ మొహం చూడాలి. అయినా భాగ్యమ్మ నవ్వలేదు. “మరి చెవిని పట్టుకునేది ఎవరన్నా?”

లింగమూర్తి తలుపు ముందుకు వచ్చాడు. కూర్చుని, మసి పట్టించి, మళ్లీ పెట్టాడు. తిప్పాడు.

పట్టుకుంది.

నిజంగానే పట్టుకుంది... ఇనుప వేళ్లతో బిగించినట్టు. లాగితే రాదు, తోస్తే పోదు. యాభై ఏళ్ల చేతిపనిలో లింగమూర్తికి మొదటిసారి నుదుటిమీద చెమట పట్టింది. లేచి పోదామని మోకాళ్లు అన్నాయి. మీసం ఒప్పుకోలేదు.

“వీరాచారీ,” అన్నాడు గొంతు తగ్గించి, రంధ్రంలోకి. “నువ్వు చచ్చి నలభై ఏండ్లాయె. నేనింక బతికే ఉన్న. ఈ రాత్రి నీదా, నాదా?”

కళ్లు మూసుకున్నాడు. పాతకాలపు పనివాళ్లు దొంగల కోసం ఒక లీవరు అదనంగా పెట్టేవాళ్లు. తప్పు చెవి తిప్పితే అది పడి కరుచుకుంటుంది. విడిపించాలంటే... ఎడమకు. అర చుట్టు.

తిప్పాడు. క్లిక్‌మని వదిలింది.

“దొంగ లీవరు! అరె, ఏం పనోడివయ్యా నువ్వు!” అని తొడ కొడితే ఆ చప్పుడుకు టవర్లో సగం లైట్లు వెలిగాయి.

నాలుగున్నరకు ఆరో లీవరు లొంగింది. ఎడమకు అర చుట్టు... కుడికి నిండు చుట్టు... కటక్.

తలుపు తెరుచుకుంది.

ముగ్గురూ లోపలికి అడుగుపెట్టారు. దుమ్ము, పనిబల్ల, సుత్తి దెబ్బలు తిన్న ఇనుప దాగలి, వరసగా ఆకురాళ్లు. మనిషి లేడు, ఎముక లేదు. టార్చి వెలుగు తలుపు పక్క గోడ మీద ఆగింది. అక్కడ మేకుకు —

తాళంచెవి.

మొదట లింగమూర్తికే అర్థమైంది. పొట్ట పట్టుకుని నవ్వాడు. “చెల్లె! గిది లాగితే దానంతటదే పడే తాళం! మీ నాయిన చెవి లోపల పెట్టి తలుపు లాగిండు! హైదరాబాదుల అంత పేరున్నోడు... తన చెవి తనే లోపలేసుకున్న అని ఎట్ల చెప్తడు?”

భాగ్యమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. “ఈ సిగ్గుకా నాయినా... నలభై ఏండ్లా!”

లింగమూర్తి తను చేసిన, మసి వదలని చెవిని ఆ పాతదాని పక్కనే మేకుకు తగిలించాడు. “చూస్కో వీరాచారీ! నీదానికి నాదానికి తేడా ఉంటే మీసం తీసేస్త!”

ఇద్దరినీ బయటికి పిలిచాడు. గడప బయట నిలబడి, నాటకంలో రాజులా చెయ్యి చాపాడు. “ఆ దినం ఏమైందంటే, మీ నాయిన గిట్ల వచ్చిండు... గిట్ల లాగిండు!”

లాగాడు.

కటక్.

సందులో గాలి ఆగిపోయింది. నీళ్ల మోటరు ఎప్పుడో ఆగింది. లింగమూర్తి తలుపును చూశాడు. తన ఖాళీ చేతిని చూశాడు.

“పెద్దాయన గారూ,” ఆదర్శ్ గుసగుసగా అన్నాడు, “మీ చెవి కూడా... లోపలేనాండీ?”

లింగమూర్తి సంచీలో ఇంకో ఇత్తడి చెవి కోసం తడిమాడు. మళ్లీ ఒకటి చెయ్యాలంటే ఏడు గంటలు. దూరంగా రోడ్డు మీద, గంట ముందే, జేసీబీ ఇంజను చప్పుడు మొదలైంది. భాగ్యమ్మ తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

“పగలగొడతరు నాయినా,” అంది మెల్లగా. “ఇగ నాతోటి కాదు.”

అప్పుడు... లోపలినుంచి...

ఎడమకు — అర చుట్టు.

కుడికి — నిండు చుట్టు.

కటక్.

తలుపు జానెడు తెరుచుకుంది.

ఆదర్శ్ టార్చి ఎప్పుడో కింద పడింది. లింగమూర్తి దాన్ని తీసుకుని వెలుగు లోపలికి వేశాడు. దుమ్ములో వాళ్ల ముగ్గురి అడుగులే. మనిషి లేడు. మేకుకు రెండు తాళంచెవులు. పాతదాని మీద దుమ్ము కూడా చెదరలేదు.

కొత్తది ఊగుతోంది... మెల్లగా... ఇటూ, అటూ.

“మాట తప్పలే మా నాయిన,” అంది భాగ్యమ్మ. “వచ్చి తీసిండు.”

లింగమూర్తి చెయ్యి పైకి లేచి మీసం మెలేసింది.

“తీసిండు చెల్లె. కాని నేను చేసిన చెవితోటి తీసిండు. గా ముచ్చట యాదుంచుకో.”