లేని స్తంభం

"రేపటి నుంచి ఈ మిషన్‌కి హంస లీడర్. నువ్వు ఆవిడ కింద పనిచేస్తావు," అన్నాడు చీఫ్ ఫైలు మూసేస్తూ.

చిరుతకి ఒళ్ళు భగ్గుమంది. చిరుత అంటే డిపార్ట్‌మెంట్ ఆ సీక్రెట్ ఏజెంట్‌కి ఇచ్చిన కోడ్ నేమ్. విదేశీ ముఠాల్ని మట్టి కరిపించిన మనిషి. అలాంటివాడు ఏడాదిగా ఓ చైనీస్ కుంగ్ ఫూ మాస్టర్ దగ్గర శిష్యుడి వేషంలో చెమటోడుస్తున్నాడు. కారణం ఓ సైంటిస్టు, ఆయన్ని కనిపెట్టుకుని ఉండటమే చిరుత పని. దేశపు రహస్య కోడ్‌లన్నీ బుర్రలో మోసే ఆ పెద్దాయన, నడుం పట్టేసి, చీగాంగ్ అనే ఊపిరి వ్యాయామం నేర్చుకుందామని ఆ మాస్టర్ దగ్గరే చేరాడు.

"మరి ఏడాదిగా నేను పడ్డ పాట్లు సార్?"

"ఎవరు కాదన్నారయ్యా! కానీ మీ మాస్టర్ స్కూలు వార్షికోత్సవం రోజున సైంటిస్టుని లేపేయాలని ముఠా ప్లాన్. హంసని మిత్రదేశం అరువిచ్చింది. మీ మాస్టర్ ఇక్కడికొచ్చేశాక, ఆయన గురువుగారి ఇంట్లోనే పెరిగిందట. చిన్నప్పటి నుంచీ అదే గదిలో ప్రాక్టీసు. అంతకంటే ఏం కావాలి?"

మర్నాడు హంస దిగింది. చూపు తిప్పుకోలేని అందం, దానికి తగ్గ నవ్వు.

టైర్ల షాపు పైన అద్దె హాలు అది. చెక్క నేల, ఒక గోడ నిండా అద్దం, కిటికీలోంచి రబ్బరు వాసన. గుమ్మం దగ్గరే చెప్పులు, వాచీలు, బెల్టులు విప్పి ప్లాస్టిక్ బుట్టలో పడేయాలి, మాస్టర్ రూలు. డిపార్ట్‌మెంట్ ఎంతో ముద్దుగా ఇచ్చిన గన్ వాచీ ఏడాదిగా ఆ బుట్టలోనే కునుకు తీస్తోంది.

ఆ విద్యలో పెద్దరికం వయసును బట్టి కాదు, చేరిన వరసను బట్టి. హంస చిన్నప్పుడే చేరింది కాబట్టి అందరికీ అక్క.

"ఏం తమ్ముడూ, మోకాలు ఇంకా వంగట్లేదా?" అందామె నవ్వుతూ.

తనకంటే పదేళ్ళు చిన్నది! "వంగుతుంది అక్కా," అన్నాడు చిరుత పళ్ళ బిగువున.

మాస్టర్ ఆమెని తీసుకెళ్ళి ముందు వరుసలో నిలబెట్టాడు. చిరుత ఏడాదిగా వెనక వరుసలోనే ఉన్నాడు. నిన్నగాక మొన్న చేరినవాళ్ళు కూడా అతని ముందే నిలబడతారు. ఆ కడుపుమంటకి మజ్జిగ కూడా పనిచేయదు.

అన్నిటికంటే మండింది కొంగ నడక అనే విన్యాసం దగ్గర. ఆ నడకలో తిన్నగా వెళ్తూ వెళ్తూ, మధ్యలో ఊరికే అర్ధచంద్రంలా చుట్టు తిరగాలి. ఎందుకని మొదటి రోజే అడిగాడు చిరుత.

"మా గురువుగారి గదిలో అక్కడో స్తంభం ఉండేది," అన్నాడు మాస్టర్. "ఇప్పుడు స్తంభం లేదు. అడుగు మిగిలింది."

చిరుత తిరగడం మరిచినప్పుడల్లా మాస్టర్ బెత్తం కాలి మీద పడేది. హంస మాత్రం గాలిలా తిన్నగా దూసుకుపోయేది. మాస్టర్ కిక్కురుమనేవాడు కాదు. గారాబం అంటే ఇదీ అని కుళ్ళిపోయాడు చిరుత.

"ఆవిడ మీద డౌటుగా ఉంది సార్," అన్నాడు ఫోన్లో.

"డౌటా, ఏడుపా?" అని ఫోన్ పెట్టేశాడు చీఫ్.

వార్షికోత్సవం రోజు హాలు కిటకిటలాడింది. చీఫ్ పెట్టుడు గడ్డంతో, ఫొటోగ్రాఫర్ వేషంలో ముందు కుర్చీల పక్కన నిలబడ్డాడు. ఆపద కనిపిస్తే "నడుం పట్టేసింది" అని అరవాలి, అదీ కోడ్ వర్డ్. ముందు శిష్యులంతా కలిసి కొంగ నడక చేశారు. సైంటిస్టు కూడా ఆయాసపడుతూనే లేని స్తంభం చుట్టూ తిరిగి, వచ్చి ముందు కుర్చీలో కూలబడ్డాడు.

తరవాత హంస వంతు. సొంత కత్తితో ఒంటరిగా అదే నడక. అద్భుతంగా చేస్తోంది, మహాతల్లి! మళ్ళీ తిన్నగా దూసుకొచ్చింది.

'ముసలాయనే తిరిగాడు, ఈవిడగారికి మాత్రం...' అని కుళ్ళుకోబోయి చిరుత ఠక్కున ఆగిపోయాడు.

ఆ గదిలో పెరిగిన పిల్ల ఆ స్తంభానికి ఎన్నిసార్లు నుదురు కొట్టుకుని ఉండాలి! మనసు మరిచినా ఒళ్ళు ఎలా మరుస్తుంది? ఈమె ఆ గది మొహం కూడా చూడలేదు, ముఠా మనిషే!

"నడుం పట్టేసింది!" అని అరిచాడు.

చీఫ్ 'మళ్ళీ ఏడుపే' అన్నట్టు విసుగ్గా చూసి కెమెరా సర్దుకున్నాడు. హంస ఆఖరి భంగిమలోకి వస్తోంది. కత్తిపిడి మెల్లగా సైంటిస్టు గుండెకేసి తిరుగుతోంది.

చిరుత దూకాడు. అద్దంలో అతన్ని చూసి, హంస వెనక్కి తిరక్కుండానే తిన్నగా దూసుకొచ్చే మనిషికి తగిలేలా కాలు వెనక్కి విసిరింది. కానీ ఏడాది బెత్తం దెబ్బలు తిన్న కాళ్ళు అవి. చిరుతని తిన్నగా పోనివ్వకుండా స్తంభం చుట్టూ తిప్పాయి. ఆమె తన్ను గాల్లో పోయింది. పక్కనుంచి వచ్చిన అతని చెయ్యి ఆమె మణికట్టుని పైకి ఎత్తిపట్టింది.

కత్తిపిడిలోంచి దూసుకొచ్చిన విషపు సూది చీఫ్ పెట్టుడు గడ్డాన్ని పెరికి గోడకి గుచ్చింది.

"వదులు తమ్ముడూ," అంది హంస పళ్ళు కొరుకుతూ.

"ఇంక తమ్ముడేంటమ్మా," అన్నాడు చిరుత హాయిగా.

హంసని తీసుకెళ్ళిపోయాక మాస్టర్ నిదానంగా నేల తుడుస్తున్నాడు.

"ఆ పిల్ల మా గురువుగారి దగ్గర నేర్చుకోలేదని మొదటి రోజే తెలుసు," అన్నాడు. "ఏదో విద్య దొంగిలించడానికి వచ్చిందనుకున్నా. పోన్లే, నేర్చుకోనీ అని ఊరుకున్నా. కళ్ళెదురుగా ఉంటుందని ముందు నిలబెట్టా."

"మరి నన్నెందుకు మాస్టర్ వెనక్కి నెట్టారు?" ఏడాది దుఃఖం ఒక్కసారిగా బయటపడింది.

మాస్టర్ వింతగా చూశాడు. "వరుసలన్నీ వెనక్కి తిరిగినప్పుడు కొత్తవాళ్ళు ఎవరిని చూసి చెయ్యాలి? అప్పుడు ముందుండేది నువ్వే కదా. నమ్మకమైనవాడినే అక్కడ పెడతారు. ఆమాత్రం తెలీదా?"

చిరుత వంగి మాస్టర్ కాళ్ళకి దండం పెట్టాడు.

"అన్నట్టు, సైంటిస్టు ఇవాళ స్తంభం చుట్టూ ఎంత బాగా తిరిగాడు!" అన్నాడు మాస్టర్ గుడ్డ పిండుతూ. "రేపటి నుంచి ఆయన్నీ వెనక వరుసలో, నీ పక్కన పెడతా."

చిరుత కడుపులో మళ్ళీ సన్నగా మంట మొదలైంది.