వెనక్కి తిరగని గైడు

ఈ ఊళ్లో చూడాల్సినవి ఏమున్నాయని ఎవరినడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. లైట్‌హౌసు, చేపల మ్యూజియం, రేవు మొత్తం కనబడే కొండ, సముద్రంలోకి పొడుచుకొచ్చిన పాత కోట... అదే నోటితో కోట కింద సొరంగం సంగతి అడగండి, గొంతు ఠక్కున తగ్గిపోతుంది.

"పగలైతే చూసి రండి. పొద్దుగూకాక వద్దు. వంపు దగ్గర... అది ఉంటుంది."

అది అంటే దెయ్యం. ఆడ దెయ్యం. మగవాళ్లు చచ్చాక కూడా సెలవులో ఉంటారు కాబోలు, ఎక్కడ విన్నా డ్యూటీలో ఉండేది ఆడ దెయ్యాలే.

ఇది మా పిన్నికి జరిగింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. నమ్మనివాళ్లు మానెయ్యండి, నేను బతిమాలను.

పిన్ని టూరిస్టు బస్సులో గైడు. గొంతు ఎంతంటే, ఇంట్లో ఆవిడ పేరే లౌడ్‌స్పీకరు. టిక్కెట్లు చింపే పనిలో చేరి, మగ గైడ్లు వాగేది వింటూ వింటూ తనే గైడైంది. కానీ ఎన్నేళ్లైనా పొద్దున పిల్లల ట్రిప్పే ఇచ్చేవారు. చేపలు, బొమ్మలు, మళ్లీ చేపలు. గైడన్నవాడికి పేరొచ్చేది సాయంత్రం ట్రిప్పులో. లైట్‌హౌసు, కొండ, ఆఖర్న కోట. అది అడిగినప్పుడల్లా మేనేజరు ఒకటే మాట—

"సొరంగం ఆడవాళ్లకి అచ్చిరాదమ్మా."

ఎందుకంటే వెనకటికి ఒక గైడమ్మ అందులోనే పోయింది. ఆ ముచ్చట ప్రతి గైడూ బట్టీ పట్టి, వంపు దగ్గర ఆగి చెప్పాలి. "ఆమె దారి తప్పింది. పోటు నీళ్లు లోపలికి రాగానే, వెంట వచ్చినవాళ్లని వదిలేసి పారిపోబోయి మునిగిపోయింది. ఆమె ఆత్మ ఇప్పటికీ ఇక్కడే..." జనం కెవ్వుమనడం, నవ్వుకోవడం, ఫొటోలు దిగడం. ఆ ట్రిప్పుకి గిరాకీ అంతా ఆ ముక్కతోనే.

పిన్నికి మాత్రం ఆ ముక్క ఏనాడూ మింగుడు పడలేదు. "బ్యాచ్‌ని వదిలేసి పారిపోయే గైడెవరే? నాకు తెలీదా?" అనేది.

ఆ ఏడు ఇద్దరు మగ గైడ్లు వంపు దగ్గర వెనక్కి తిరిగి ఏం చూశారో ఏమో, జనాన్ని అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తారు. మళ్లీ పనిలోకి రాలేదు. మేనేజరు బావమరిదిని వెళ్లమంటే వాడికి వెంటనే జ్వరమొచ్చింది.

పిన్ని వెళ్లి మేనేజరు బల్ల ముందు నిలబడింది.

"నేను తీసుకెళ్తా సార్."

"నువ్వా? నీ చేపలు బెంగ పెట్టుకుంటాయేమో!"

"పెట్టుకోనివ్వండి. వాటికి కథలు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

మేనేజరు నవ్వాడు. "సరే, ఇవాళొక్కరోజు. సముద్రం వైపు గుమ్మం దగ్గర నేనే ఉంటాను. ఒక్కడు జడుసుకుని పరిగెత్తుకొచ్చినా... చచ్చేదాకా నీకు చేపలే."

గైడ్ల నడక ఎప్పుడైనా చూశారా? వెనక్కి నడుస్తారు. మొహం జనంవైపు, వీపు దారివైపు. ఎదుటివాళ్ల మొహాల్లోనే అన్నీ చదువుకోవాలి— ఎవరికి విసుగొచ్చింది, ఎవరికి కాలు నొప్పి, వెనకాల గోతి ఉందా, గోడ ఉందా. గైడు అటు తిరిగిందా, బ్యాచ్ చెదిరిపోతుంది. ఇది పిన్నికి ఎవరూ నేర్పలేదు. దెబ్బలు తగిలించుకుని నేర్చుకుంది.

సొరంగంలో ఇనప జాలీల్లో గుడ్డి బల్బులు. ఉప్పు పూసి తెల్లబడ్డ రాళ్లు. ఎక్కడో అడుగున సముద్రం గురకపెట్టినట్టు చప్పుడు. పిన్ని వెనక్కి నడుస్తూ చెప్పుకుపోతోంది, జనం వింటూ వస్తున్నారు...

వంపు వచ్చింది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమది పైకి, గుమ్మానికి. కుడిది కిందికి, మెట్లు మెట్లుగా, పోటు నీళ్లలోకి.

ఇష్టం లేకపోయినా మొదలుపెట్టింది. "చాలా ఏళ్ల కిందట ఒక గైడమ్మ... ఇక్కడే దారి తప్పి..."

తండ్రి చంకలో ఉన్న పాప ముందు చూసింది. పిన్నిని కాదు— పిన్ని భుజం మీదుగా.

తర్వాత తండ్రి చూశాడు. తర్వాత చేతికర్ర పెద్దాయన, ఎవరో రిటైరైన మాస్టారు. ఒకరి తర్వాత ఒకరు... అందరి కళ్లూ అక్కడికే.

ఎవరూ అరవలేదు. అందుకే పిన్నికి ఇంకా భయమేసింది. అరిస్తే ఎలకో గబ్బిలమో అనుకోవచ్చు. వీళ్లు... వింటున్నారు. తలలాడిస్తున్నారు.

"నాన్నా," అంది పాప గుసగుసగా, "ఆంటీ ఎందుకు తడిసిపోయింది?"

పిన్ని తన బట్టలు తడిమి చూసుకుంది. పొడిగా ఉన్నాయి.

మెడ వెనక చల్లటి ఊపిరి తగిలింది. మడమ మీద ఒక నీటి చుక్క... ఇంకో చుక్క...

బల్బులు రెండుసార్లు రెపరెపలాడి ఆరిపోయాయి.

తిరగాలి, తిరిగి చూడాలి అని ఒళ్లంతా ఒకటే లాగుతోంది. ఇద్దరు మగాళ్లు ఇక్కడే తిరిగారు. పిన్ని పళ్లు బిగించింది. టార్చి వేసి, జనం మొహాల మీంచి చూపు తియ్యకుండా, పెదాలు కదిలీ కదలకుండా అంది—

"ఎవరివైనా సరే... నేను తిరగను. నన్ను నమ్ముకుని ఇంతమంది వస్తున్నారు. చేతనైతే సాయం చెయ్యి. బెదిరిస్తే మాత్రం నీకూ నాకూ పడదు."

ఒక అడుగు వెనక్కి వేసింది. కాలి కింద నేల లేదు. మెట్టు... మెట్టు మీద నీళ్లు. చీకట్లో కుడి దారిలోకి వచ్చేసింది.

అప్పుడు వీపు మీద ఒక అరచెయ్యి ఆనింది. మంచుగడ్డలా, తడిగా... గట్టిగా. ఆ చెయ్యి పిన్నిని ఎడమ దారిలోకి తోసింది.

తూలి నిలదొక్కుకుంది. టార్చి పైకెత్తింది. "రండి, ఇటే రండి, తొందరేం లేదు..." అంటూ, గొంతు వణికినా అడుగు వణకకుండా అందర్నీ పైకి తీసుకొచ్చింది.

గుమ్మం బయట సముద్రపు గాలి. బస్సు పక్కన డ్రైవరూ మేనేజరూ. ఎవడూ పరిగెత్తుకు రాలేదు. మేనేజరు మొహం మాడిపోయింది.

అంతలో మాస్టారు కర్ర టకటకలాడిస్తూ వచ్చాడు. "అంతా బాగుందిగానీ అమ్మాయ్, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే మేం ఎవరిది వినాలి?"

"ఇద్దరా?"

"నీ వెనకాలావిడ! నీలం యూనిఫాం, తలంతా తడి. నీలాగే మాకేసి తిరిగి వెనక్కి నడుస్తోంది. నువ్వేమో దారి తప్పిందంటావు, ఆవిడేమో అబద్ధం అంటుంది. 'అందర్నీ ఎడమ దారిలో పైకి పంపేశాకే నా కాలు జారింది, నేను ఒక్కరినీ పోనివ్వలేదు' అని ఆవిడ ఒకటే మొత్తుకోలు. నాటకమైనా ఒకరి తర్వాత ఒకరు చెప్పాలి కదమ్మా!"

మేనేజరు చిరాకు పడ్డాడు. "ఎవరండీ ఆవిడ? నేను పంపింది ఈవిడొక్కతినే. అసలు మా యూనిఫాం ఆకుపచ్చది."

"నీలం... అప్పట్లో ఉండేది సార్," అన్నాడు డ్రైవరు మెల్లగా. "ఆవిడ పోయాక తీసేశారు."

పిన్ని మేనేజరు ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఆ పాత ముక్క నేనిక చెప్పను సార్. అందర్నీ దాటించి, తను పోయిందని చెప్తా. ట్రిప్పు నాకిస్తారా, లేదా? ఇప్పుడే తేల్చండి."

మేనేజరు నోరు తెరిచాడు. నువ్వెవరు మార్చడానికి అనే మాట నాలిక చివరిదాకా వచ్చే ఉంటుంది. కానీ ఆయన చూపు పిన్ని మొహం మీంచి జారింది... భుజం దాటింది... అక్కడే ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

పిన్ని మడమల దగ్గర రాతి మీద టప్... టప్... మని నీళ్లు.

ఆవిడ తిరగలేదు.

"సార్, అడిగింది నేను. నన్ను చూసి చెప్పండి."

"తీసుకోండమ్మా..." అన్నాడు మేనేజరు, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ. "ఇద్దరూ తీసుకోండి."