మూడున్నర మీటర్ల అబద్ధం

కైట్లు అమ్మే ఆ కొట్టులోకి దర్జీ వచ్చి నలభై నిమిషాలైంది. ఇంతవరకూ ఏమీ కొనలేదు. బయట వాన వెలిసినా ఒంటి మీది లావుపాటి రెయిన్‌కోటు విప్పలేదు.

"పుల్లలే లేకుండా ఈ కైట్ ఎలా నిలబడుతుందండీ?" మూడోసారి అడిగాడు.

"గాలి నింపుకుని నిలబడుతుంది. పుల్లలుంటే కొత్తవాళ్లు పడేసిన ప్రతిసారీ విరుగుతాయి. ఇది వంద సార్లు పడ్డా ఏమీ కాదు. ఇందాక కూడా ఇదే చెప్పాను."

"రెండు తాళ్లది మంచిదా, నాలుగు తాళ్లది మంచిదా?"

"మీకు కైట్ లాగే మూడు చక్రాల బగ్గీ ఎక్కి మైదానంలో పరుగెత్తాలనుంది కాబట్టి నాలుగు తాళ్లది. లాగుడు ఎక్కువైతే బ్రేకు వెయ్యొచ్చు."

"వేరే రంగులు లేవా?"

కౌంటర్ వెనకున్న అమ్మాయికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకొకరైతే ఈపాటికి చేతిలో ఒక కాగితం పెట్టి, ఇంటికెళ్లి తీరిగ్గా చదువుకోమని సాగనంపేది. ఇతన్ని మాత్రం పంపలేకపోతోంది. అసలు ఒళ్లు మండేది అందుకే. రెండు వీధుల అవతల బట్టలు కుడతాడట. చొక్కా కాలరుకి సూది గుచ్చుకుని, మర్చిపోయి అలాగే వచ్చేశాడు. నవ్వొస్తే ముందు తల దించుకుంటాడు. కస్టమర్లలో ఇలాంటివి గమనించడం ఆమె పనిలో భాగం కాదు.

ఆమె పని వాళ్లకు సరైన సైజు ఇవ్వడం. పవర్ కైట్ పిల్లల ఆటవస్తువు కాదు, మనిషిని బండితో సహా లాక్కుపోతుంది. సైజు మనిషి బరువును బట్టి ఉండాలి. పోయినేడు ఆమె అన్నయ్య కంటి చూపుతో అంచనా వేసి ఒక కొత్తవాడికి పెద్దది అమ్మాడు. ఆ మనిషి మణికట్టు విరిగింది. దాంతో నాన్న కొడుకుని లేపి, వెనక గదిలో చిరిగిన కైట్లు కుడుతూ మూడేళ్లుగా పోరుతున్న కూతురిని కౌంటర్‌లో కూర్చోబెట్టాడు. వచ్చిన ప్రతివాణ్ణీ బరువు మిషను ఎక్కించాలి. ఒక్కణ్ణి కైట్ లాక్కుపోయినా ఆమె మళ్లీ వెనక గదికే. ఇదీ షరతు.

"మీ బరువెంత?" అడిగింది.

అతను మూలనున్న మిషను వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "డెబ్బై రెండు."

మిషను అయిదడుగుల దూరంలో ఉంది. ఎక్కమంటే సరిపోయేది. ఆ చెవుల వంక చూసి ఆమె ఊరుకుంది, మూడున్నర మీటర్లది తీసి ఇచ్చింది. మణికట్టు పట్టీలు వేసుకోమంది, లాగితే హ్యాండిల్స్ వదిలెయ్యమంది. ఇంకే కస్టమరుకీ చెప్పని మాట కూడా ఒకటి చెప్పింది, "జాగ్రత్త" అని.

నాలుగో రోజు అతను మళ్లీ వచ్చాడు. ప్యాంటు మోకాలి దగ్గర లేదు. జుట్టులో బురద, మోచేతి నిండా గీతలు. చిరిగిన కైట్‌ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. ఖర్మకాలి నాన్న కూడా అప్పుడు కొట్లోనే ఉన్నాడు.

"లాగిందండి" అన్నాడు దర్జీ.

"ఎంత దూరం?"

"కంచె అడ్డొచ్చేదాకా."

"హ్యాండిల్స్ వదిలెయ్యమన్నాను కదండీ."

"వదిలేస్తే కైట్ పాడవుతుందేమోనని. మీరు జాగ్రత్త అన్నారు కదా."

"మిమ్మల్ని జాగ్రత్తగా ఉండమన్నాను. కైట్‌ని కాదు."

రెయిన్‌కోటు లేకుండా ఆమె అతన్ని ఇప్పుడే చూస్తోంది. ఈ బక్కపల్చటి మనిషికి మూడున్నర మీటర్లు ఇచ్చింది తనేనా అనుకుంది. నాన్న అతన్ని మిషను దగ్గరికి తీసుకెళ్లి ఎక్కించాడు. యాభై నాలుగు.

"డెబ్బై రెండన్నారు. మిగతా పద్దెనిమిది కిలోలు ఏమయ్యాయి?" అంది ఆమె.

"అవి ఎప్పుడూ లేవండి."

"కొలతలో అబద్ధం చెబితే ఏమవుతుందో దర్జీకి వేరే చెప్పాలా?"

"నడుము ముప్పై రెండని చెప్పి, కుట్టాక పట్టలేదని పోట్లాడేవాళ్లు రోజూ వస్తారు. నేనూ తిట్టుకుంటాను. కానీ మీ ముందు యాభై నాలుగని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

నాన్న కూతురి వైపు తిరిగాడు. "నువ్వు మిషను ఎక్కించలేదా?"

ఆమె నోరు తెరిచేలోపే దర్జీ అందుకున్నాడు. "ఎక్కించారండి. నేనే కోటు జేబుల్లో ఇస్త్రీ పెట్టెలు పెట్టుకున్నాను."

"ఇస్త్రీ పెట్టెలా?"

"రెండండి. పాతకాలంవి, బొగ్గులు వేసేవి."

తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికోసమన్న బాపతు. అయినా ఆమె ఒక్కసారి తలూపితే చాలు, కౌంటర్ దక్కుతుంది. మూడేళ్లు పోరి సంపాదించుకున్న కౌంటర్. కానీ దెబ్బలు తిన్నది చాలక తన తప్పు కూడా నెత్తికెత్తుకుంటున్న ఈ పిచ్చిమాలోకాన్ని చూస్తే ఆమెకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

"అబద్ధం నాన్నా. నేను ఎక్కించలేదు."

"ఎందుకని?"

"ఆయన సిగ్గుపడుతున్నారు. చూడలేకపోయాను."

"సిగ్గుపడేవాళ్లు రోజుకి పదిమంది వస్తారు. వాళ్లందరినీ ఎక్కిస్తున్నావుగా."

"వాళ్లు సిగ్గుపడితే నాకేమీ అనిపించదు."

దర్జీ మిషను మీంచి దిగడం కూడా మర్చిపోయాడు.

నాన్న పెద్దగా నిట్టూర్చాడు. "రేపట్నించి కౌంటర్‌లో అన్నయ్య కూర్చుంటాడు."

ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. అయినా న్యాయమేనని తెలుసు. నాన్న అరలోంచి రెండు మీటర్ల కైట్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఆదివారం ఈ అబ్బాయిని మైదానానికి తీసుకెళ్లు. ఒక్క అడుగు కూడా లాక్కుపోకుండా నేర్పిస్తే అప్పుడు నీ కౌంటర్ సంగతి చూద్దాం."

తర్వాత దర్జీని ఎగాదిగా చూశాడు. "అబద్ధమాడటం కూడా చేతకాదు నీకు. ప్రస్తుతానికి నీలో నాకు నచ్చింది అదొక్కటే."

ఆదివారం గాలి మెల్లగా వీస్తోంది. కైట్ బాగానే లేచేది. దర్జీ ఆమె వైపు తిరిగేవాడు, అది కాస్తా వెళ్లి నేలను కొట్టుకునేది. అలా నాలుగుసార్లు అయ్యాక ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"చూపు ఎటుంటే చెయ్యి అటే పోతుంది. పైకి చూడమని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"మీరంటే నాకిష్టమని చెబుదామని."

"అది కైట్ ఎగురుతున్నప్పుడే చెప్పాలా?"

"అది కింద ఉంటే ధైర్యం చాలడం లేదండి."

ఆమె వెళ్లి కైట్‌కి అంటిన గడ్డి దులిపి, మళ్లీ గాలికి ఎత్తి పట్టుకుంది. అది నిండుగా పొంగి పైకి లేచాక వచ్చి అతని పక్కన నిలబడింది.

"నాకూ మీరంటే ఇష్టమే. నేనెక్కడికీ పోను. ఇక పైకి చూడండి."

అతను పైకి చూశాడు. కైట్ తల మీద ఊగకుండా నిలబడింది, అతని కాళ్లు ఉన్నచోటే ఉన్నాయి. ఈ లెక్కన కౌంటర్ వారంలో తన చేతికి వచ్చేస్తుందని ఆమెకు అర్థమైంది. వచ్చినా సరే, ఆదివారాలు మాత్రం అన్నయ్యనే కూర్చోమని చెప్పాలనుకుంది.