పదిహేడో గడిలో ఊపిరి

"ఈ గుర్తు ఎవరు చెరిపేశారు?" అంది ట్రోంబోన్ అమ్మాయి.

"నేనే. మాట మధ్యలో ఎవరైనా ఊపిరి తీసుకుంటారా?"

"మా నాన్న తీసుకునేవారు."

అతను చేతిలోని రబ్బరును జేబులో వేసుకున్నాడు.

ప్రార్థనా మందిరంలో గాయకబృందం పాడే కీర్తనను రెండు ట్రంపెట్లకూ, ఒక హార్న్‌కూ, ఒక ట్రోంబోన్‌కూ తిరగరాసి, వాళ్లను నడిపించడం అతని పని. ఆ అమ్మాయి తండ్రి ముప్పై ఏళ్లు ఆ బృందంలో బేస్, అంటే అన్నిటికన్నా కింది స్వరం, పాడి, నిరుడు పోయారు. ఆదివారం ఆయన జ్ఞాపకార్థం వాయించాలి. ఆయన గొంతు వంతు ఇప్పుడు ఆమె ట్రోంబోన్‌ది. పాత స్వరాల కాగితం మీద, తాళానికి గీసిన గడుల్లో పదిహేడో దానిలో ఆయన పెన్సిల్‌తో ఊపిరి గుర్తు పెట్టుకున్నారు.

"అక్కడ ఆగితే పాట తెగుతుందండీ."

"ఆ గుర్తు లేకపోతే ఆదివారం నేను వాయించను, రబ్బరుగారూ."

రిహార్సల్ మొదలైంది. పదిహేడో గడిలో, నలుగురూ ఊదుతుండగానే, ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడైంది.

"ఎవరది?"

"నేను కాదయ్యా. ఊదేవాడు పీలుస్తాడా?" అన్నాడు ఆ అమ్మాయి మేనమామ, హార్న్ దించి.

మూడుసార్లు వాయించారు. మూడుసార్లూ వినిపించింది, బేస్ గాయకులు కూర్చునే వెనక బెంచీ నుంచి. బెంచీ ఖాళీ. ఫ్యాన్లు తిరగడం లేదు. అతను వెళ్లి చూసి, వెళ్లినదానికన్నా తొందరగా వచ్చాడు.

"భయమా?" అంది ఆమె.

"చలి."

"చలికి చెమట పట్టిందేం?"

సాయంత్రం అతను ఆ అమ్మాయి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి, ఆ గుర్తు గురించి అడిగాడు.

"ఊపిరి చాలక కాదు బాబూ. నేను ముందు వరసలో ఆడవాళ్లతో ఆల్టో పాడేదాన్ని. ఆ గడిలో మాకు పాట ఉండదు. నేను వెనక్కి తిరిగేదాన్ని. ఆయన పాట ఆపి నన్ను చూసేవారు. పెళ్లికి ముందు నుంచీ అంతే."

అతను ఆ గుర్తు మళ్లీ పెట్టాడు. ఈసారి ఇంకుతో.

"ఆగినప్పుడు ఎటు చూడాలో మాత్రం రాయలేదు," అన్నాడు కాగితం ఆమెకిస్తూ.

"అమ్మ చెప్పిందిలెండి. అది నేను చూసుకుంటాను."

ఆదివారం అమ్మ గాయకుల ముందు వరసలో, తన పాత చోటే కూర్చుంది. పదిహేడో గడి వచ్చింది. అమ్మాయి ట్రోంబోన్ పెదవుల నుంచి తీసి అతన్ని చూసింది. అతని చెయ్యి గాలిలో ఆగిపోయింది.

కింది స్వరం ఆగలేదు. ఆమె మళ్లీ అందుకునేదాకా వెనక బెంచీ నుంచి ఎవరో దాన్ని పట్టి ఉంచారు. పాట తెగలేదు.

"విన్నావా?" అంది ఆమె, వాయించడం అయ్యాక. అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

"విన్నాను. మరి మీ నాన్నగారు ఒప్పుకున్నట్టేనా?"

"అమ్మనడుగు."

అమ్మ వెనక్కి తిరిగి ఉంది. ఖాళీ బెంచీ వంక చూస్తూ, ఎవరో అడిగినదానికి సరేనన్నట్టు తల ఊపుతోంది.