యాకమ్మ మింగని గోలీలు

మొగిలమ్మ నల్లా దగ్గర నీళ్లు పట్టుకొచ్చి, పొయ్యి రాజేసి, పెద్దబిడ్డను లేపింది. ఏడాదిగా ఆ ఇంట్లో పొద్దు మొదలయ్యేది అలాగే. ఒక చేతిలో నీళ్ల గ్లాసు, ఇంకో చేతిలో మందు గోలీలు. పదిహేనేళ్ల యాకమ్మ గోడకు ఆనుకుని కూర్చుని వాటిని నోట్లో వేసుకుంది. నీళ్లు తాగి, గ్లాసు తిరిగి ఇచ్చింది. చిన్నది సమ్మక్క అప్పటికే జడ వేసుకుని బడికి తయారైంది. భర్త సారయ్య నూలు తేవడానికి షావుకారు ఇంటికి వెళ్లాడు.

కాశిబుగ్గలో వాళ్లది ఒంటి మగ్గం. సారయ్య జంపఖానాలు నేస్తే, నూలు కండెలు చుట్టి ఇచ్చేది యాకమ్మ. ఎనభై మూడు చలికాలంలో ఆ పిల్ల దగ్గితే నెత్తురు పడింది. హనుమకొండలో మిషన్ దవాఖానకు తీసుకుపోతే టీబీ అన్నారు. మొదట సూదులు, తర్వాత ఏడాదిన్నర పాటు గోలీలు వాడాలన్నారు. మూడు నెలలకే దగ్గు పోయింది. దవాఖానకు పోతే ఆ రోజు మొగిలమ్మకు కూలి ఉండదు, పైగా ఇద్దరికీ బస్సు కిరాయి. పిల్ల బాగానే ఉంది కదా అని ఒక నెల పోలేదు. మరుసటి నెలా పోలేదు.

అప్పుడు ఆ దవాఖాన నర్సు ఏసమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తిడుతుందేమోనని మొగిలమ్మ భయపడింది. ఏసమ్మ మాత్రం పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని, ఇవాళ ఏం వండారని అడిగింది. వండిందేమిటో చూసింది కూడా. ఆ ఈడు పిల్లలు మధ్యలో మందు మానేయకుండా ఆ దవాఖానవాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. నెలనెలా వచ్చి మందు తీసుకుపోతే, ఆ ఇంటికి బియ్యం, కందిపప్పు, పాలపొడి, బస్సు కిరాయి ఇస్తారు. ఏసమ్మ అందులో యాకమ్మ పేరు రాయించింది. ఆ తర్వాత ఒక్క నెల కూడా తప్పలేదు.

ఈ ఏడాది షావుకారు సగం రోజులు నూలే ఇవ్వలేదు. దవాఖాన బియ్యం పిల్లకే కాక ఇంటిల్లిపాదికీ అన్నమైంది.

ఎండ బాగా కాస్తోందని మొగిలమ్మ ఆ పూట బొంతలు ఉతకడానికి కూర్చుంది. యాకమ్మ కప్పుకునే బొంతను నీళ్లలో ముంచబోతుంటే, ఒక మూల చేతికి గట్టిగా తగిలింది. అక్కడ కుట్టు విప్పి మళ్లీ వేసినట్టుంది. దారం వేరే రంగు. గోటితో లాగగానే పాత గుడ్డల మధ్య నుంచి తెల్లటి గోలీలు ఒళ్లో రాలిపడ్డాయి. ఒకటీ రెండూ కావు, గుప్పెడు. తన చేత్తో ఇచ్చినవే, తన కళ్లముందు పిల్ల నోట్లో వేసుకున్నవే.

మొగిలమ్మ కూతుర్ని పిలిచి ఒళ్లో ఉన్నవి చూపించింది. ఎన్నాళ్ల నుంచి ఇలా చేస్తున్నావని అడిగింది. పెండ్లి కాదని ఎవరైనా అన్నారా, కడుపులో మంట పుడుతోందా అని బతిమాలింది. యాకమ్మ తల వంచుకుని నిలబడింది.

సారయ్య నూలు లేకుండానే వట్టి చేతులతో ఇంటికొచ్చాడు. సంగతి వినగానే అతని మొహం నల్లబడింది.

"మీ అవ్వ కూలి ఇడిసిపెట్టి నిన్ను దవాఖానకు తిప్పుతాంది. నువ్వేమో గోలీలు బొంతల దాస్తానవా? సావాలని ఉన్నదా నీకు?"

చెయ్యెత్తాడు. మొగిలమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. ఆమె వెనక నుంచి యాకమ్మ గొంతు మెల్లగా వినిపించింది.

"నాకు నయమైతే బియ్యం బందైతయి గద బాపూ."

సారయ్య ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నువ్వే అన్నవ్. బియ్యం బందైనంక సమ్మక్కను బడి మాన్పిచ్చి బీడీలకు కూసోవెడ్తనని. నాకిప్పుడు దగ్గు లేదు, జెరం లేదు. జర బీమారు మిగిలుంటే ఏమైతది? అది సదువుకుంటది, మీరింత తింటరు. అందుకే అవ్వా, నాలిక కింద పెట్టుకోని, నువ్వు అటు తిరగంగనే తీసి దాసిన."

సారయ్య మగ్గం గుంట అంచున కూలబడ్డాడు. నెలన్నర కిందట అన్నం తింటూ, షావుకారు మీది కోపంతో అన్న మాట అది. అన్న మరుక్షణమే మరిచిపోయాడు. పక్కన కూర్చున్న పిల్ల మరిచిపోలేదు. భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఏడవడం మొగిలమ్మ చూడలేదు.

భర్తను ఒక్క మాట కూడా అనలేకపోయింది మొగిలమ్మ. తానేం తక్కువ తిన్నది? నెలనెలా బియ్యం సంచి దించుకుంటూ, "నా బిడ్డ బీమారే మాకింత బువ్వ పెడ్తాంది" అని పక్కింటావిడతో నవ్వుతూ ఎన్నిసార్లు అనలేదు? ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది. కూతుర్ని దగ్గరికి తీసుకుని, తల మీద తల ఆనించి ఏడ్చింది.

మర్నాడు ముగ్గురూ హనుమకొండ బస్సెక్కారు. సారయ్య అంతకుముందు ఎన్నడూ దవాఖాన గడప తొక్కలేదు. ఇంట్లో టీబీ ఉందని తెలిస్తే షావుకారు పని ఇవ్వడని భయం. ఆ రోజు తనే ముందు నడిచి, ఏసమ్మ ముందు నిలబడి, తాను అన్న మాటతో సహా అంతా చెప్పాడు. తప్పు తనదే అన్నాడు. ఆమె కోప్పడలేదు. యాకమ్మ గడ్డం పట్టుకుని మొహంలోకి చూసింది. కఫం పరీక్షకు రాయించి, ఎక్స్‌రే తీయించి, నాలుగు రోజులాగి రమ్మంది.

ఆ నాలుగు రోజులు ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. యాకమ్మ ఏ కొంచెం తుమ్మినా అమ్మానాన్నలిద్దరూ ఒకేసారి అటు తిరిగేవాళ్లు. గోలీ మింగాక పిల్ల తనంతట తానే నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించేది. ఆ చూపించడం మొగిలమ్మ మనసును ఇంకా కోసేది.

అయిదో రోజు ఏసమ్మ కాగితాలు పట్టుకుని దవాఖాన వరండాలోకి వచ్చింది. నవ్వుతూ రావడం దూరం నుంచే చూసి, మొగిలమ్మ అక్కడే బెంచీ మీద కూలబడింది. కఫంలో క్రిములు లేవు. ఊపిరితిత్తుల్లో కొత్త మచ్చ లేదు. మందు ఆపినా జబ్బు తిరగబెట్టలేదు, అది అదృష్టం. అయితే ఇంకో ఆరు నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా వాడాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట.

యాకమ్మ కళ్లలో అడగలేని ప్రశ్న ఏసమ్మకు కనిపించింది. ఆమె పిల్ల పక్కనే కూర్చుంది.

"నువ్వు చేసింది తప్పే బిడ్డా. కని మా తప్పు గూడ ఉన్నది. గోలీలు ఆపిన్నాడే బియ్యం ఆపుతమంటే, ఇంట్ల తిననీకి లేని పిల్ల ఏమనుకుంటదో మేము ఆలోచన చెయ్యలె. డాక్టరమ్మతోని మాట్లాడిన. నీకు నయమైనంక గూడ ఇంకో ఆర్నెల్లు ఇస్తం. నీ బీమారుకు ఇస్తలేం గివి. నువ్వు బతకాలని ఇస్తానం."

సారయ్య గోడవైపు చూస్తూ అడిగాడు.

"సిస్టరమ్మా, ఆర్నెల్లకైనా బందయ్యేదే గద. నాకు జంపఖానాలు నేసుడు వస్తది. మీ మంచాల మీదికి ఏమన్న పనికొస్తయా?"

షావుకారును తప్ప ఇంకొకరిని పని అడగని మనిషి అలా అడగడం చూసి మొగిలమ్మ కొంగు కళ్లకు ఒత్తుకుంది. ఒకటి నేసి తెమ్మని, డాక్టరమ్మకు చూపిస్తానని ఏసమ్మ అంది. మాట మాత్రం ఇవ్వలేనని కూడా చెప్పింది. సారయ్యకు ఆ పాటి మాట చాలు.

బయటికి వచ్చాక గేటు దగ్గర సారయ్య కూతురి ముందు ఆగాడు.

"సమ్మక్క బడి మానది. నువ్వు బీమారున్నా మానది, మంచిగున్నా మానది. ఆ ఫికర్ నాది, నీది కాదు. సమజైందా?"

యాకమ్మ తలూపింది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల మొహంలో పదిహేనేళ్ల వయసు కనిపించింది.

కాశిబుగ్గ మీదుగా నర్సంపేట పోయే బస్సులో ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. కిటికీ గాలికి యాకమ్మ తండ్రి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఈ నాలుగు రాత్రులూ ఆ పిల్ల కన్ను మూయలేదని మొగిలమ్మకు తెలుసు. కాశిబుగ్గ వచ్చింది. మొగిలమ్మ లేవబోతే, సారయ్య కదలకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"పండనియ్యే," అన్నాడు మెల్లగా.

బస్సు కాశిబుగ్గ దాటి ముందుకు సాగింది. తిరుగు బస్సుకు డబ్బుల్లేవు, ఎంత దూరం పోయినా నడిచి రావలసిందే. మొగిలమ్మ మళ్లీ సీట్లో సర్దుకుని కూర్చుని, కూతురి నుదుటి మీద పడ్డ వెంట్రుకలను వెనక్కి నెట్టింది.