కిటికీ వైపు తిప్పిన టేబుల్

"ముందు ఆ కుర్చీలోంచి లేవండి!"

లైబ్రేరియన్ కేకకు ఎలక్ట్రీషియన్ ఉలిక్కిపడి లేచాడు. అది ఆషామాషీ కుర్చీ కాదు మరి! రచయితగారు జీవితమంతా కూర్చుని రాసిన కుర్చీ. ఆయన ఇల్లే ఇప్పుడు మ్యూజియం, పెరట్లో కట్టిన హాలు లైబ్రరీ. ఇవాళే రెండింటికీ రజతోత్సవం.

"సారీ అండీ. టేబుల్ లైటు చూస్తున్నా."

"గోడవైపు ఉండాల్సిన టేబుల్ కిటికీ దగ్గరికెలా వచ్చింది?"

"అంటే... వైరు అందలేదండీ."

ఆమెకు ఒళ్లు మండింది. వారం నుంచీ ఇదే వరస. ఒక్క బల్బు బిగించడానికి నాలుగుసార్లు లైబ్రరీలో ఆమె కౌంటర్ దగ్గరికొచ్చి సలహా అడుగుతాడు. పైగా నవ్వుతూ అడుగుతాడు, అదే చిక్కు.

"రచయితగారి అమ్మాయి వస్తున్నారు. నాన్న సామాను షోరూములో పెట్టినట్టు పెట్టారు, ఫంక్షన్ కాగానే పట్టుకుపోతానని తేల్చి చెప్పేశారావిడ. అవి పోతే ఇక్కడ మిగిలేది నాలుగు గోడలే. నా టెన్షన్ నాదైతే మధ్యలో మీరొకరు!"

"ఒక్క నిమిషంలో తిప్పేస్తా" అంటూ అతను టేబుల్ పట్టుకున్నాడో లేదో, గుమ్మంలో పెద్దావిడ, రచయితగారి అమ్మాయే. ఆవిడ వెనకే జనం.

ఆవిడ టేబుల్ చూసి ఆగిపోయారు. పెద్దావిడ మెల్లగా వెళ్లి కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి పెరట్లోని లైబ్రరీ వైపు చూసి, ఫక్కున నవ్వారు. కళ్లనిండా నీళ్లు.

"మేం ఎన్నిసార్లు గోడకు జరిపినా నాన్న మళ్లీ ఇలాగే తిప్పుకునేవాడు! పెరట్లో అమ్మ కనబడకపోతే కలం కదిలేది కాదు. ఇదమ్మా మా నాన్న గది! ఒక్క పుల్ల కూడా కదపను, అన్నీ ఇక్కడే ఉంటాయి."

చప్పట్లతో ఇల్లు దద్దరిల్లింది. లైబ్రేరియన్ ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

"ఇంతకీ అమ్మ కూర్చునే చోట ఇప్పుడు కౌంటరుందే! ఎవరిది?" అడిగారు పెద్దావిడ.

"నాదేనండీ."

"మరి టేబుల్ తిప్పింది?"

అందరూ ఎలక్ట్రీషియన్ని చూశారు. అతను సీలింగ్ ఫ్యాన్ను చూశాడు.

లైబ్రేరియన్ కళ్లు తుడుచుకుంది. "వైరు అందలేదన్నారు. ప్లగ్ పాయింట్ ఆ గోడకేగా ఉంది?"

"ఉందండీ" అన్నాడతను, చెవులదాకా ఎర్రబడి. "అటు కూర్చుంటే మీరు కనబడరు. మీరంటే నాకిష్టం."

మళ్లీ చప్పట్లు. ఈసారి ఈలలు కూడా.

"నాన్న కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోవద్దు" అన్నారు పెద్దావిడ నవ్వు ఆపుకుంటూ. "ఈ అబ్బాయికి నీ కౌంటర్ పక్కన ఒక కుర్చీ వెయ్యి తల్లీ."

"వారం నుంచీ వేసే ఉంచానండీ" అంది లైబ్రేరియన్. "ఈయన చూస్తే కదా!"