ఆఖరి చేప

“జూ గేటు తొమ్మిదికి తీస్తారు, ఐదుకి మూస్తారు. ఈలోగా ఫిల్ము చేతులు మారుతుంది,” అన్నాడు చీఫ్. “ముఠాలో దూరిన మనవాళ్లు పదకొండుమంది ఫోటోలూ అందులోనే.”

పదకొండోవాడు తన తమ్ముడని ఏజెంటుకి వేరే చెప్పనక్కర్లేదు.

నెత్తిన టోపీ, భుజాన స్టీలు తొడుగు కెమెరా. పరాయి నగరపు జూలో ఏజెంటు టూరిస్టయ్యాడు. తోడేలు తిరిగి తిరిగి బోను నేలలో కాలువ పడింది. ఎలుగుబంటి అలిగిన అత్తగారిలా గోడవైపు తిరిగి కూర్చుంది. బుజ్జగించే దిక్కు లేదు. మధ్యాహ్నానికి బోనులన్నీ అయిపోయాయి. అనుమానించదగ్గ మనిషి ఒక్కడూ తగల్లేదు.

“వాన వస్తుందంటారా?” కోడ్‌వర్డ్. ఎర్ర గొడుగు కింద అందగత్తె.

“చిలకనడగాలి.”

ముఠాలో మన తరఫు మనిషి ఆమె. “బేరం రద్దయింది. రూముకి పోయి పడుకో,” అంది.

“నిజమేనా?”

“నీ మీదొట్టు.”

తన మీద వేసుకోలేదేం? ఏజెంటు కదల్లేదు.

ఐదుకి పావుగంట ముందు సీ లయన్‌కి మేత. కొలను దగ్గర బోర్డుంది: చేపను తల ముందుగా ఇస్తారు, తోక ముందైతే ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయి. ఆఖరి చేప చూడవచ్చినవారిలో ఒకరి చేత వేయిస్తారు.

కీపరు తోక ముందుగా విసురుతున్నాడు. సీ లయన్ ప్రతి చేపనూ నోట్లో తిప్పుకుని, కొత్త వంటమనిషిని చూసినట్టు చూస్తోంది.

రోజూ మేత పెట్టే చెయ్యి కాదది!

“ఆఖరిది ఎవరు వేస్తారు?” కీపరు చూపు తిన్నగా ఎర్ర గొడుగు మీదికి వెళ్లింది. ఆమె చెయ్యి చాచింది. ఏజెంటు మధ్యలో దూరాడు. గొడుగు మొన డొక్కకి ఆనింది.

“విషపు సూది. కదలకు బాబూ.”

“నా మీద ఒట్టేసినప్పుడే పోయాను కదమ్మా!”

గిరుక్కున తిరిగాడు. సూది కెమెరాకి తగిలి వంగింది. చేప లాక్కుని విసిరాడు, తల ముందుగానే. గుటుక్కు! పిల్లలు చప్పట్లు కొట్టారు. మూసే గంట మోగింది. ఆ తొక్కిసలాటలో కీపరూ గొడుగూ మాయం.

“శభాష్!” ఫోన్లో చీఫ్. “అది మింగిన చేపలోని ఫిల్ము బయటికొచ్చేదాకా అక్కడే ఉండు.”

“ఎన్నాళ్లు సార్?”

“దాని ఇష్టం. వాళ్లూ కాచుకునే ఉంటారు.”

మర్నాడు తోడేలు కాలువ మరో అంగుళం లోతైంది. టికెట్ కౌంటరులో ఆవిడ నవ్వింది. “మళ్లీనా! జంతువులంటే అంత ఇష్టమా?”

“ఒక్కటంటేనేనండీ.”

కథల్లో మాంత్రికుడు తన ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకునేవాడు. తమ్ముడి ప్రాణానికి అంత చాటు లేదు. టికెట్ కొంటే ఎవరైనా చూడొచ్చు.